ముతారి సొంత గ్లాసు

జిందేర్ పట్నంలో ఓ వీధి మలుపున, మట్టిగోడ నీడలో కుర్రాళ్లు రోజూ సాయంత్రం చాప పరిచేవారు. ఆరేళ్లుగా బొగ్గుల మీద టీ కాచేది షైబు. ఉన్నది ఒకే చిన్న గ్లాసు. ఎత్తునుంచి పోసి, నురగ తేల్చి, ఎవరి వంతుకి వాళ్లకి అందించేవాడు. ఆ కాసేపూ షైబు రాజే.

నర్సు చదువు పూర్తిచేసి వచ్చిన ముతారి ఆ రాజ్యానికి ఎసరు పెట్టాడు.

"ఊళ్లో మెనింజైటిస్ మొదలైందిరా, ఎంగిలితో అంటుకునే మెదడు జ్వరం. టీకా బండి వచ్చేదాకా ఎవడి గ్లాసు వాడిదే."

"ఏం బావా, మా ఎంగిలి చేదైందా?" అన్నాడు షైబు.

ఎవరూ నవ్వలేదు. అందరూ ముతారి చుట్టూ చేరి జబ్బు గురించి అడుగుతున్నారు. షైబుకి కడుపు మండిపోయింది. నిన్నటిదాకా తన టీని పొగిడిన నోళ్లే ఇవన్నీ.

మర్నాడు గ్లాసు తెచ్చుకున్నది ముతారి ఒక్కడే. మిగతావాళ్లు రేపు, మాపు అన్నారు. షైబు రోజూ అందరూ తాగిన గ్లాసులో అడుగున మిగిలింది చాటుగా ముతారి గ్లాసులోకి వంపి, పైన వేడి టీ పోసి, నురగ కప్పి ఇచ్చేవాడు. ముతారి మెచ్చుకుంటూ తాగుతుంటే లోలోపల సంబరపడేవాడు.

వారం తిరక్కుండా ఆ కుర్రాళ్లలో ఒకడైన డాన్‌లాదికి జ్వరమొచ్చి మెడ బిగుసుకుపోయింది. ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు నర్సమ్మ, జబ్బు మిగతావాళ్లకి అంటకుండా వేసే మాత్రలు తీసుకుని చాప దగ్గరికే వచ్చింది.

"వాడితో ఒకే గ్లాసులో తాగింది ఎవరెవరు?"

అందరూ చేతులు చాపారు. ముతారి పక్కకి జరిగాడు. "నాకొద్దక్కా, నాది వేరే గ్లాసు."

షైబు మాత్ర నోటిదాకా తెచ్చి ఆగాడు. చెబితే ఈ చాప మీద చోటుండదు. చెప్పకపోతే ముతారి ప్రాణం మీదికి రావచ్చు.

"వాడికీ ఇవ్వక్కా. వాడూ మా ఎంగిలే తాగాడు. నేనే కలిపి పోశాను."

"ఎందుకురా?" అన్నాడు ముతారి.

"నా టీ తాగుతూ అందరూ నీ మాటే వింటుంటే ఓర్వలేకపోయాను."

ముతారి మాత్ర మింగి వెళ్లిపోయాడు. ఎవరో షైబు చేతిలోంచి టీ కూజా తీసేసుకున్నారు.

పదిరోజులకి డాన్‌లాది కోలుకున్నాడు. టీకా బండి వచ్చింది, అందరూ వేయించుకున్నారు. ఆ సాయంత్రం చాప మీద ఎవడి గ్లాసు వాడిది. టీ కాచింది ముతారి. ఆకు మాడింది, నురగ పేరుకైనా లేదు. అయినా అందరూ బ్రహ్మాండమన్నారు. షైబుకి మళ్లీ కడుపు మండింది.

చివరి వంతు చాప అంచున కూర్చున్న షైబుది. "ఎలా ఉంది?" అన్నాడు ముతారి. ఇన్నాళ్లకి అదే మొదటి మాట.

"బాగుంది," అని షైబు గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ చాపాడు.