గంగులమ్మ రాతబల్ల

ఏడు బల్లలు తుడిచి ఎనిమిదో బల్ల దగ్గరికొచ్చేసరికి గంగులమ్మ గుడ్డను బకెట్లో ముంచి మళ్ళీ పిండింది. అది హెడ్ క్లర్కు బల్ల. పైన గాజు పలక, దాని కింద తిరుమల ఫోటో, పాత బదిలీల జాబితా, అంచున టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరకలు. ఆ రోజు రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. సెలవు బల్లలకు గానీ దుమ్ముకు లేదు కదా. పుంగనూరులో ఆ ఆఫీసు ఊడ్చి తుడవడం మొదలుపెట్టి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ఏ ఆఫీసో చెప్పను. చెబితే మిగతా ఆఫీసులవాళ్ళు తమది కాదని సంబరపడతారు.

మనిషి పొట్టి. యాభై నాలుగేళ్ళకే జుట్టు సగం నెరిసింది. వేళ్ళ సందుల్లో ఫినాయిలు తిన్న తెల్లమచ్చలు. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు, వంచితే లేవదు. మొగుడు పోయి పదేళ్ళు, పిల్లలు లేరు. నలభై ఒకటో ఏట, తొంభై ఒకటిలో, కాలనీలో రాత్రిబడి పెడితే అక్షరాలు నేర్చుకుంది. బడి ఆరు నెలల్లో మూతపడింది గానీ గంగులమ్మ చదువు మూతపడలేదు. ఆఫీసు చెత్తబుట్టలో పడే కాయితాలన్నీ ఇంటికి తీసుకుపోయి చదివింది. ఏ అర్జీకి పని జరుగుతుందో, ఏ అర్జీ బుట్టలోకి పోతుందో ఆమెకు తెలిసినంతగా అర్జీలు రాసి బతికేవాళ్ళకు కూడా తెలియదు. కాలనీవాళ్ళకు ఆమే రాసిపెట్టేది, నేలమీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని.

నాలుగేళ్ళ కిందట, రెండు వేల సంవత్సరంలో, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు సంతకం తప్ప రాయలేని ఒక ముసలాయన అర్జీ రాయించుకోడానికి వచ్చాడు. గంగులమ్మ ఈ హెడ్ క్లర్కు కుర్చీలోనే కూర్చుని ఆయనకు నాలుగు ముక్కలు రాసిచ్చింది. అంతలో హెడ్ క్లర్కు రానే వచ్చాడు. అరవలేదు. "లెయ్యి" అన్నాడు. లేచింది. బల్ల కడగమన్నాడు, కడిగింది. కుర్చీ కడగమన్నాడు, అదీ కడిగింది. ఫినాయిలు వేసి ఇంకోసారి అన్నాడు. తడి ఆరేదాకా గుమ్మంలో నిలబడి, ఆరాక కూర్చున్నాడు. గంగులమ్మ కళ్ళలో నీళ్ళు రాలేదు. ఒళ్ళంతా మంట. ఆ మంటలోనే ఒట్టు పెట్టుకుంది: నా ఇంట్లో నాకో రాతబల్ల ఉండాల, దానికి కుర్చీ ఉండాల, ఆ కుర్చీలో నేను కూసోని రాయాల. ఆ బల్ల కోసమే కూలిలో కూలి దాచింది. పంతం పడితే గంగులమ్మను దించడం వాళ్ళమ్మ వల్లే కాలేదు, ఇక మనమెంత!

ఎనిమిదో బల్ల తుడిచింది. తాళం వేసి, తొమ్మిది గంటల బస్సెక్కి మదనపల్లెకు పోయింది.

మల్లప్ప పాతసామాన్ల కొట్టు బస్టాండు వెనక సందులో ఉంది. పల్లెల్లో పడగొట్టిన ఇళ్ళ తలుపులు, పట్టెమంచాలు, నల్లబడ్డ బీరువాలు. బెంగళూరు నుంచి కార్లలో వచ్చి కొనుక్కుపోతారు. మల్లప్ప ఆమెను, ఆమె నేత చీరను, చంకలోని గుడ్డసంచిని చూశాడు.

"ఎవురికమ్మా? మీ సారు పంపించినాడా?"

"ఏ సారూ ల్యాడప్పా. నాకే. రాసుకునేదానికి."

మల్లప్ప నవ్వు ఆపుకుని ఒక డెస్కు లాగాడు. మోకాలెత్తు కూడా లేదు, పైమూత ఏటవాలు. ఏదో కరణం ఇంటిది. "నేలమీద కూసోని రాసుకోవచ్చు. గంతకు తగ్గ బొంత అన్నట్టు నీకు సరిగ్గా సరిపోతాది."

"నేలమీద కూసోనే నా మోకాలు అరిగిపోయుండాది. ఇంకా కిందే యాల? కుర్చీ ఏసుకునేది సూపించు."

ఈసారి మల్లప్ప ఆమెను తళతళలాడే బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. నూరేళ్ళదన్నాడు, అసలు టేకన్నాడు. గంగులమ్మ చెంబుతో నీళ్ళడిగింది. తాగడానికనుకుని ఇచ్చాడు. ఆమె సంచిలోంచి తెల్లగుడ్డ తీసి తడిపి, గట్టిగా పిండి, బల్లమీద అడ్డంగా ఒక్కసారి, నిలువుగా ఒక్కసారి తుడిచింది. గుడ్డకు ఎర్రమట్టి రంగు అంటుకుంది. దాన్ని మల్లప్ప ముఖం ముందు విప్పి పట్టుకుంది.

"నూరేండ్ల బల్ల తడిగుడ్డకే రంగు ఇడుస్తాదా అప్పా? ఇరవై ఆరేండ్లుగా తుడస్తాండా. ముసిలి బల్లలేవీ నాకు రంగు ఇడవలేదు."

మల్లప్ప నవ్వు మానేశాడు.

ఆమె మోకాలు ఈడ్చుకుంటూ కొట్టంతా తిరిగింది. ఒకదాని సొరుగు లాగి అడుగు చూసి వదిలేసింది, ప్లైవుడ్డు. ఒకదాని కాళ్ళు తట్టింది, చెద తిని బోలు. చివరికి మూల గోనెపట్టాల కింద, పైన విరిగిన కుట్టుమిషనుతో ఒకటి కనబడింది. మూడు సొరుగులు, ఇత్తడి పిడులు, ఒకటి లేదు. కుడిపక్క అరచేతి వెడల్పున సిరా మరక. తడిగుడ్డ వేసి తుడిస్తే గుడ్డకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. చెక్కలోని గీతలు మాత్రం ఒక్కటొక్కటే పైకి తేలాయి. వంగి వాసన చూసింది. ఛాతీలో ఏదో పట్టినట్టయి, బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఇదప్పా."

"అది కుప్పం దగ్గర ఒక పాత బంగళాలోదమ్మా. దొరలు కూసోని రాసిండే బల్ల."

"రాసింటార్లే. ఇంక నేను రాస్తా. కుర్చీ యాడ?"

కుర్చీ బేరంలో లేదన్నాడు. కుర్చీ లేకుండా బల్ల కదలదంది. గంటసేపు కొట్టు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. చివరికి మల్లప్ప చేతులెత్తి దణ్ణం పెట్టి, బల్లకు ఆమె దాచిన డబ్బు లెక్కపెట్టుకుని, పేము అల్లిన కుర్చీ ఒకటి ఇచ్చుకున్నాడు.

గంగులమ్మ వీధివాడైన ఆంజనేయులు టమాటాల టెంపో మార్కెట్లో సరుకు దించి ఖాళీ క్రేట్లతో పుంగనూరుకు తిరిగిపోతోంది. బల్ల ఎక్కించారు. "ముందర కూసో పిన్నీ" అన్నాడు ఆంజనేయులు. వద్దంది. వెనకాల క్రేట్ల మధ్య బల్ల, బల్ల ముందు కుర్చీ, కుర్చీలో గంగులమ్మ. రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని, నడుము నిటారుగా పెట్టి, పుంగనూరు బజారు మధ్యలోంచి అట్లాగే వచ్చింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందంట" అని ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు వినబడింది. వినబడనీ! అన్నవాడి వైపే తిరిగి, వాడు తల దించుకునేదాకా చూసింది.

ఇంటికొచ్చాక అసలు చిక్కు వచ్చిపడింది. కాలనీ ఇల్లు, సన్న వాకిలి. బల్లను నిలువుగా తిప్పారు, పక్కకు వాల్చారు, దూరదు. కొయ్యపని మునెయ్య వచ్చి రెండుసార్లు కొలిచాడు.

"కాళ్ళు జానెడు కోసేస్తే దూరతాదక్కా. పొట్టిదైతే నువ్వూ కింద కూసోని రాసుకోవచ్చు."

"కాళ్ళమీద రంపం పెట్టినావంటే సూడు. వాకిలి పెరుకు."

చుట్టూ చేరినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పసుపు రాసిన గడప! అదీ శనివారం పూట! "మంచీ చెడ్డా సూడకుండా గడప పెరుకుతారా యాడన్నా? ఇంటికి కీడమ్మా" అంది పక్కింటి ఎల్లమ్మ. మునెయ్య గడ్డపార ముట్టనన్నాడు. గంగులమ్మ తానే తీసుకుని గడప కింద మొదటి పోటు పొడిచింది. రెండో పోటుకు ఆయాసపడింది. అది చూడలేక మునెయ్య లాక్కున్నాడు. పొద్దు వాలేసరికి వాకిలి ఉన్నచోట పెద్ద సందు, లోపల రాతబల్ల, నాలుగు కాళ్ళమీద.

గంగులమ్మ ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఏమీ రాయలేదు. ఊరికే కూర్చుంది. సంతోషం పట్టలేక తనలో తానే నవ్వుకుంది.

ఎల్లమ్మ అంతా అయ్యాక మెల్లగా లోపలికొచ్చింది. ఆమెకు విధవ పింఛను ఆగిపోయి ఐదు నెలలు. గంగులమ్మ వేలిముద్రకు అర్జీ రాయదు. ముందు సంతకం నేర్చుకోవాలి. నేర్చుకుని కాయితం అడుగున పెట్టాలి. ఆ తర్వాతే పైన రాస్తుంది. ఎందరు తిట్టుకున్నా ఆమె పద్ధతి అంతే. నెల రోజులుగా ఎల్లమ్మ పలకమీద దిద్దుతోంది.

"వచ్చేసిందక్కా, ఈపొద్దు పెడతా" అంటూ ఎల్లమ్మ నేలమీద కూలబడబోయింది. గంగులమ్మ లేచి కుర్చీ చూపించింది.

"నేనా? ఆడనా?"

"నువ్వే. నీ పేరు నువ్వు రాసేటప్పుడు కింద యాల కూసుంటావు?"

ఎల్లమ్మ కుర్చీ అంచున కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టి, తెల్లకాయితం అడుగున తన పేరు రాసింది. చాలాసేపు పట్టింది. ఇద్దరూ దాన్ని చూసి చూసి నవ్వారు.

"పొద్దున్నే రా, పైన రాస్తా. ఈపొద్దు రెక్క లాగుతాండాది" అంది గంగులమ్మ.

పొద్దున్నే ఎల్లమ్మ వచ్చింది. తీయడానికి తలుపు లేదు. లోపలికి పోయి పిలిచింది. గంగులమ్మ బల్ల పక్కన చాపమీద ఒత్తిగిలి పడుకునుంది. ఎల్లమ్మ భుజం పట్టి కదిలించింది, ఒళ్ళు చల్లగా ఉంది.

గడప పెరికినందుకే పోయిందన్నారు జనం. వాళ్ళ నోళ్ళు పడ! రెండు నెలలుగా ఛాతీ పట్టేస్తోందని ఆమె చెబితే గ్యాస్ మాత్ర మింగమన్నది ఈ నోళ్ళే. కీడు గడపలో ఉందట!

ఆదివారమైనా ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చారు. హెడ్ క్లర్కు పూలమాల తెచ్చాడు. పెద్దాయన ఎండలో వచ్చాడని ఎవరో బల్ల దగ్గరి కుర్చీ లాగబోయారు. శవం దగ్గర ఏడుస్తున్న ఎల్లమ్మ లేచొచ్చి కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుంది.

"ఈడ కూసోవద్దు సారూ. ఇది మేం రాసుకునే కుర్చీ."

ఆయన నిలబడ్డాడు. శవాన్ని ఎత్తేదాకా నిలబడే ఉన్నాడు.

అందరూ కాటికి పోయాక బల్లమీద, సిరా మరక పక్కన, ఒక తెల్లకాయితం మిగిలింది. అడుగున వంకరటింకరగా, లకారం కింద వత్తు కాస్త దూరంగా జరిగి, ఎల్లమ్మ సంతకం ఉంది, పైనంతా ఖాళీ.