అంకారావు మైల

“మన అంకారావు తాలూకు వాళ్లు గుంటూరులో సిమెంటు పడి పోయారంట” అని ఎదురింటి హనుమాయమ్మ ఎవరితోనో అన్నదట. ఆ మాట గురజాల బజారు దాటకముందే పురోహితుడు వచ్చి వాలాడు. తెల్లవారితే అంకారావు కొత్త ఇంటి గృహప్రవేశం.

నిజానికి పోయినవి పంటి కణాలు. గుంటూరులో దంతవైద్యం చదివే మేనకోడలు వాసంతి అంకారావు జ్ఞానదంతం పీకించి, లోపలి గుజ్జులోని కణాలను ల్యాబులో పెంచింది. పుచ్చిన పళ్లు పూడ్చే సిమెంట్లు వాటికి హాని చేస్తాయేమోనని పరీక్షించింది. ఒక సిమెంటుకు అన్నీ చచ్చాయి.

“మైల వరసను బట్టి ఉంటుంది. పోయినవాళ్లు ఈయనకి ఏమవుతారు?” అన్నాడు పురోహితుడు.

“ఏమవటమేంది? ఈయన పంట్లో పుట్టినోళ్లు, పిల్లలే గదా!” అంది హనుమాయమ్మ.

“పిల్లలు కాదు పెద్దమ్మా, అవి అచ్చంగా మావయ్యే,” అంది వాసంతి ఫోన్లో.

పురోహితుడు వేళ్లు మడిచి లెక్క వేశాడు. “అయితే ఈయనకి మైల లేదు, పోయింది తనే గనక. మైల భార్యకి. ఆమె రేపు పాలు పొంగించకూడదు.”

ఎండల్లో ఆ కొత్త ఇంటి గోడలన్నీ తడిపిన భార్య సుకన్య కంచం పట్టుకుని వచ్చి నిలబడింది.

“సరే పంతులుగారూ. ఇప్పుడు ఈయనకి అన్నం పెట్టనా, పిండం పెట్టనా?”