మూడో రోజు అతిథి

ఆదివారం, పొద్దుపొడిచిన గంటకు, అంతియొకయ నగరంలో నేతపని చేసుకునే మెలిత్తా ఇంట్లో దిగిన ప్రయాణికుడు ఇంకా కదల్లేదు. అది మూడో రోజు.

క్రీస్తు పంపిన అపొస్తలులు పోయి ముప్పై ఏళ్లు దాటినా, వాళ్ల పేరు చెప్పుకుని ఊరూరా తిరిగేవాళ్లు ఆగలేదు. అందుకే సంఘం ఒక కట్టడి పెట్టుకుంది. వచ్చినవాడికి రెండు రోజులు చోటు, వెళ్లేటప్పుడు ఒక పూటకు రొట్టె. మూడో రోజూ ఉంటే మనవాడు కాదు. పోయిన నెల వీధి చివరి ఇంట్లో ఒకడు ఐదు రోజులు తిన్నాడు. ఆరో రోజు, క్రైస్తవులన్న నేరానికి, రోమా సైనికులు వచ్చి ఇంటిల్లిపాదినీ పట్టుకుపోయారు.

మరో గంటలో పద్నాలుగు మంది ప్రార్థన చేసి రొట్టె విరవడానికి మెలిత్తా ఇంటికి రావాలి.

సంఘపెద్ద హెర్మియాస్ ముందే వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు.

"ఇంకా ఉన్నాడా? నీకేమన్నా మతి పోయిందా తల్లీ?"

"కాలు వాచిందట, పెద్దయ్యా."

"వేగులవాళ్లకు కాళ్లు వాచవా?"

గోడకు ఆనుకుని కూర్చున్న అతిథి, ఆరిస్తోన్, ఆ మాట విన్నాడు. "ఏమో పెద్దయ్యా, నాకైతే వాచింది" అన్నాడు.

మెలిత్తా అతని ముందు కూర్చుంది. "చూపించు."

"వద్దమ్మా."

"చూపించకపోతే ఇప్పుడే గుమ్మం దాటిస్తా."

అతను కట్టు విప్పాడు. చీలమండ చుట్టూ సంకెల ఒరిసిన పుండు.

"శిక్ష పడినవాళ్లను తోలే గనుల్లోంచి పారిపోయి వచ్చావా?"

"అందుకే చూపించలేదు. తెలిసీ చోటిచ్చావంటే నీకూ ఇదే పడుతుంది."

"వేగులవాడికీ సంకెల వేసి పంపుతారు, మనం నమ్మాలని" అన్నాడు హెర్మియాస్.

"ఈ ఒక్క రోజు ఉండనివ్వు పెద్దయ్యా" అంది మెలిత్తా.

"వచ్చే పద్నాలుగు మందికీ నువ్వు పూచీ ఉంటావా?"

మెలిత్తా లేచింది. గుడ్డలో రెండు రొట్టెలు పెట్టి, ఒకటి తీసేసి మూట కట్టింది. మగ్గం పక్కనున్న కర్ర తెచ్చి అతనికిచ్చింది.

"కట్టడి మంచిదేనమ్మా" అన్నాడు ఆరిస్తోన్, కర్ర ఊతంతో గుమ్మం దాటుతూ. "మా ఊళ్లో నేనూ ఇద్దర్ని ఇలాగే పంపించాను."

పద్నాలుగు మందీ వచ్చారు, రొట్టె విరిచారు, ఇళ్లకు వెళ్లారు.

మధ్యాహ్నం ముల్లంగి అమ్మే తూకే అనే ఆమె గుమ్మంలో గంప దించింది. గంపలో మగ్గం కర్ర ఉంది.

"ఇది నీదే కదక్కా? ఊరి దాఫ్నే ద్వారం దగ్గర సైనికులు కుంటివాడొకణ్ణి పట్టుకున్నారు. రాత్రి ఎక్కడ పడుకున్నావని ఒకటే బాదుడు."

"ఏమన్నాడు?"

"వంతెన కింద అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా వంతెన కిందే అన్నాడు."

ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ మెలిత్తా ఇంటికి సైనికులు రాలేదు.