ఛటీ స్నానానికి మూడు రోజుల ముందు

సఫియా బేగం కాచే నూనె అంటే రేగొండ చుట్టుపక్కల బాలింతలకు మహా గురి. సోంపు, మెంతులు, వెల్లుల్లి నువ్వుల నూనెలో నల్లబడేదాకా మరిగించి ఛాతీకి రుద్దితే పాలు పొంగుతాయని ఆమె నమ్మకం. ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటమేమీ లేదు. అలాంటిది, సొంత మనవరాలే మూడో రోజుకు కూడా రొమ్ము పట్టలేదు.

పట్టబోవడం, మొహం తిప్పుకోవడం, గుక్కపట్టి ఏడవడం. పొద్దున్నుంచి పక్కగుడ్డ కూడా తడవలేదు. దవాఖానకు పోదామంటే సకల జనుల సమ్మె, బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. కొడుకు మాజిద్ ఆటో కోసం ఊరంతా తిరుగుతున్నాడు.

కోడలు మహీన్ రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. పాలు లోపలే గడ్డకట్టాయనుకుని సఫియా మళ్లీ నూనె వెచ్చచేసి రుద్దింది.

"బిడ్డను పట్టుకునుడు గూడ వస్తలేదు నీకు" అని దెప్పింది. మహీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే ఊరి మంత్రసాని సత్తెమ్మ వచ్చింది. సమ్మె కోసం రోడ్డు మీద పెట్టిన వంటావార్పులో అన్నం వండి వచ్చి, చెమట తుడుచుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అబ్బ! గీ ఘాటేంది సఫియా? కడగలేదా?"

"ఆరో దినం ఛటీ స్నానం అయ్యేదాక నూనె కడగొద్దక్కా. మా అత్త చెప్పిన పద్ధతి."

"మీ అత్త గిన్ని ఎల్లిగడ్డలు ఏసిందా? నాకే కండ్లు మండుతున్నయ్. మూడొద్దుల పిల్ల తల్లి వాసన పట్టుకొనే పాలకు వస్తది. నువ్వు గా వాసన్నే కప్పేస్తివి."

సఫియాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఆమె నూనెకు వంక పెట్టినవాళ్లు లేరు. గట్టిగా అనబోయింది. ఇంతలో పిల్ల ఏడ్చింది, కానీ గొంతు పెగల్లేదు. సఫియా తానే వేడినీళ్లు, సబ్బు తెచ్చింది. ఛటీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మెత్తటి గుడ్డతో కోడలి ఛాతీని మూడుసార్లు తుడిచింది. సత్తెమ్మ మెల్లగా రొమ్ము పిండి, పాల చుక్కను పిల్ల పెదవికి రాసింది.

పిల్ల తల తిప్పింది, ఈసారి తల్లివైపు. పట్టుకుంది. గుటక వేసింది. మళ్లీ వేసింది. ఆ చప్పుడు విన్న సఫియాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

బయట ఆటో ఆగింది. మాజిద్ పరుగున వచ్చాడు. "ఆటో దొరికిందమ్మీ, జల్ది పా!"

"మెల్లగ! నీ బిడ్డ పాలు తాగుతాంది" అంది సఫియా.

అతను నమ్మలేక చూశాడు. "నూనె పనిజేసిందా?"

సఫియా నోరు విప్పేలోగా మహీన్ అందుకుంది. "అవును, అమ్మీ నూనెతోనే."

సఫియా ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది.

"నన్ను కాపాడకు బేటీ. బిడ్డ నోటికి అడ్డం పడ్డది నేను, మాటలు పడ్డది నువ్వు. జర మాఫ్ జెయ్."