పేరు శాలువ

జ్యేష్ఠమాసపు తుదిదినములలో నొకనాటి యుదయమున తూర్పు గుట్టలపై నిలిచిన నీలమేఘములు కొంచెము కొంచెముగా విచ్చి తొలకరి తడిచే మెత్తబడిన యెఱ్ఱనేలపై లేయెండ ప్రసరింపగా తిప్పలమడుగు గ్రామమందలి యున్నత పాఠశాల క్రొత్త సున్నపుపూతతో నేత్రపర్వముగా నుండెను. ద్వారములకు మామిడాకుల తోరణములును స్తంభములకు రంగునూలు మిగుళ్ళతో కట్టిన కుచ్చులును వ్రేలాడుచుండెను. ఆ యూర మగ్గము లేని యిల్లు లేదు గాని యా దినమున మగ్గపు చప్పుడు వినవచ్చిన యిల్లును లేదు. ఒకరు చాపలు మోసికొని వచ్చిరి. ఒకరు గంగాళముతో మంచినీరు తెచ్చిరి. ఎవ్వరు నడుగకుండగనే నలుగురు ముసలివారు వచ్చి బడి ముంగిట చిమ్మి కళ్ళాపి చల్లుచున్న యాడువారికి తప్పులెన్నుచు కూర్చుండిరి. పదవ తరగతి పరీక్షలో ఆ బడి పిల్ల యొకతె తాలూకా కంతటికి ప్రథమురాలైనది మఱి! ఊరికి కాలు నేల నిలువకుండెను.

ఇంతటి సంతోషములో పాలుగొనలేనివా డొక్కడే యుండెను. ఆయన తెలుగు పండితులైన శఠగోపాచార్యులవారు. ఉపాధ్యాయుల గదిలో నొక మూల కుర్చీపై కూర్చుండి తన యొడిలో మడిచియున్న యొక శాలువను చూచుచు దానిపై చేయి వేయుటకైన వెఱచుచుండిరి.

ఆ శాలువ సంగతి మొదట చెప్పవలెను. గ్రామస్థులు తమ భుజములపై రాళ్ళు మోసి యా బడిని కట్టుకొన్ననాటినుండి యచ్చట నొక యాచారము కలదు. ప్రతి సంవత్సరమును పదవ తరగతిలో ప్రథమముగా నిలిచిన విద్యార్థికి బడి తెఱచిన వారమున సన్మానము చేసి శాలువ కప్పుదురు. అది యంగడిలో కొన్నది కాదు. ఒక యింటివారు నూలిత్తురు. ఒక యింటివారు ఆసు పోయుదురు, అనగా వంకరగా నాటిన మేకుల చుట్టు పోగును త్రిప్పి త్రిప్పి పేకకు సిద్ధము చేయుదురు. ఒకరు కట్లు కట్టుదురు, ఒకరు రంగున ముంచుదురు, కడపట నందఱును మగ్గమెక్కి తల కొక జానెడు నేయుదురు. దాని రెండు కొంగులందును విద్యార్థి పేరు తెల్లని యక్షరములతో తేలును. ఆ పేరు శాలువను కప్పుకొన్న పిల్లవాడు పెద్దవాడై యెచ్చటికి పోయినను పెట్టె యడుగున దానిని దాచుకొనునని యా యూరివారు గర్వముతో చెప్పుకొందురు.

అయితే పోగులకు కట్లు కట్టి రంగు వేసి నేయు నీ చిటికి నేతయం దొక చిక్కు కలదు. తక్కిన వస్త్రములపై నక్షరములు పిదప కుట్టవచ్చును. చిటికిపనిలో నక్షరము నేతకు ముందే నూలుపోగునందు పుట్టవలెను. రంగు తగులరాని చోట్ల పోగులను బిగించి కట్టి యద్దకము వేసి విప్పినగాని పేరు తేలదు. ఒక్కసారి రంగు పట్టిన పోగు మఱల తెల్లబడదు. పరీక్షాఫలితములు వచ్చుటకును బడి తెఱచుటకును నడుమ పదునైదు దినములైన నుండవు గావున పరీక్ష చైత్రమున జరిగినను పేరు మాఘముననే నేతగాండ్రకు తెలియవలెను. ఆ పేరు చెప్పు భారము శఠగోపాచార్యులవారిది. పదునొకండు సంవత్సరములుగా నాయన చెప్పిన పేరు తప్పలేదు. ఈ మాట నాయన పైకి చెప్పుకొనెడివారు కారు గాని యెవరైన చెప్పినచో విననట్లు నటించుచు రెండవసారి చెప్పుదాక నచ్చటనే నిలుచుండెడివారు.

ఈ సంవత్సరమున మాఘము వచ్చినంతనే యాయన యెక్కువ యాలోచింపలేదు. నేతగాండ్ర సంఘమునకు పెద్దయైన చెరుపల్లి అంజయ్య కూతురు ఉమారాణి యాఱవ తరగతినుండియు మొదటి బల్లపై కూర్చుండి మొదటి మార్కులు తెచ్చుకొనుచున్నది. పద్యము చదివినచో గంట కొట్టినట్లుండును. ప్రధానోపాధ్యాయుడు మాత్ర మొకింత సందేహించెను.

"అర్ధసంవత్సర పరీక్షల రాపోలు వినోద గూడ సమానంగనే వచ్చింది గదండీ. ఇంకొక్క వారం చూద్దామా?"

ఆచార్యులవారు మాటాడుటయు గ్రంథము చదివినట్లే యుండెడిది. "పదునొకండేండ్లుగా చూచుచున్న కన్నులివి. ఉమారాణి యని వ్రాసికొనుడు" అని యా సంభాషణము నంతటితో ముగించిరి.

తరువాత నొక వారమునకు మూడవ బల్లపై కూర్చుండు వినోద ప్రాతఃకాలపు తెలుగు పాఠమున కునికిపాట్లు పడుట మొదలుపెట్టెను. ఒకనాడు క్షమించిరి. రెండవనాడు చూచి చూడనట్లుండిరి. మూడవనాడు ఆమె తల బల్లకు తగిలి చప్పుడైనది. ఆచార్యులవా రామెను నిలువబెట్టి చేతులు చూపుమనిరి. వ్రేళ్ళ సందులయందు నూలు కోసిన యెఱ్ఱని గీతలుండెను.

"చదువుకంటె నూలే ప్రియమైనచో నింటనే కూర్చుండరాదా? ఆసు పోసికొనువారికి బడి యేల?"

తరగతి యంతయు గొల్లున నవ్వెను. వినోద చేతులు వెనుకకు దాచుకొని నిలిచెను. ఆచార్యులవారు మాత్రము తా నిచ్చిన పేరు సరియైనదే యని యానాడు మఱింత నిశ్చింత పొందిరి. మనుష్యుని యహంకారము తన కనుకూలమైన సాక్ష్యమును తప్ప వేఱొకదానిని చూడదు గదా!

ఫలితములు వచ్చినవి. వినోద ప్రథమురాలు. ఉమారాణికి తొమ్మిది మార్కులు తక్కువ. అప్పటికే శాలువ నేత ముగిసి నాలుగు మూలల పసుపు పెట్టుకొని మడతలో నుండెను. రెండు కొంగులందును చెరుపల్లి ఉమారాణి యను పేరు చక్కగా తేలియుండెను. సంఘపు గదిలో పెద్దలు కూడి యొకరి మొగ మొకరు చూచుకొనిరి. అంజయ్యయే మొదట నోరు తెఱచెను. అతడు చెడ్డవాడు కాడు. తన కూతురి పేరు నలుగురిలో నవ్వులపాలగునని తల వంచుకొని యున్నాడు.

"పట్నంకెల్లి మంచి శాలువ తెప్పిస్త. గిది బీరువల పెడదాం. ఎవ్వలకు సూపొద్దు."

నేతగాండ్ర యూర నేతగాండ్ర సన్మానమునకు మిల్లు శాలువయా యని యందఱి మనస్సులును చివుక్కుమన్నవి గాని వేఱొక దారి యెవ్వరికిని తోపలేదు.

సన్మానమునకు ముందుదినము మధ్యాహ్నమున శఠగోపాచార్యులవారు గొడుగు చేతబట్టుకొని రాపోలువారి యింటికి పోయిరి. వినోద యింట లేదు. తన సన్మానమునకు తానే తోరణములు కట్టుటకు తోడిపిల్లలతో బడికి పోయియుండెను. తల్లి అండాలు కుడిభుజమునకు గుడ్డ కట్టుకొని యరుగుపై కూర్చుండి యెడమచేత బియ్యము చెఱుగుచు నాయనను చూచి గబుక్కున లేచెను.

"అమ్మా, రేపు మీ యమ్మాయికి పట్టణపు శాలువ కప్పెదరు. ఈ లోపము నావలన కలిగినది. మన్నింపవలయునని చెప్పుటకు వచ్చితిని."

"దానికేంది సారూ. నా బిడ్డ మొదలొచ్చింది, గంతే సాలు మాకు" అని యామె చేట ప్రక్కకు పెట్టి కొంగుతో మొగము తుడుచుకొనెను. "గాని ఒక్కటి మాత్రం మనసుల కలుక్కుమంటది సారూ. ఈపారి శాలువకు ఆసు వంతు మాదే. నా రెక్క సలికాలంలనే పడిపాయె. వంతు తప్పితే ఊర్ల మాటొస్తదని పొల్లనే పోసింది. కోడి కూయకముందు లేసి బడి యాళ్లదాంక పోసేది. ఒకపారి రంగు చెడిపోతే మల్ల మొదటికెల్లి పోసింది. అది ఉమారాణి పేరుకని దానికెరుకనే. నా బిడ్డ రెక్కల కష్టం ఇంకొకల పేరయింది గదా అని... గంతే సారూ, ఏమనుకోకుండ్రి."

"ఏ మాసమునం దమ్మా?"

"మాగంల. ఇరువై దినాలు."

ఆచార్యులవారు తల త్రిప్పి లోపలికి చూచిరి. ఇంటి లోపల గోడ ప్రక్కన ఆసు పలక నిలువబెట్టియుండెను. ఒక కొనయందొక మేకు, దానికెదురుగా నర్ధచంద్రాకారముగా వరుస మేకులు. పోగు రాచి రాచి యా మేకుల మెడలు నున్నబడియుండెను. ఒక్కొక్క పోగునకు చేయి యీ కొననుండి యా కొనకు పోయి రావలెను. దినమునకు వేలసార్లు. ఆయన కానాటి తరగతియు గొల్లుమన్న నవ్వును వెనుకకు దాచుకొన్న చేతులును జ్ఞప్తికి వచ్చినవి. తా నెవరి పేరు నిచ్చిరో యా పేరునకై మేలుకొన్న పిల్లను తానే బడి యేలయని తిట్టిరి. గొడుగు నా యరుగుపైననే మఱచి యింటికి పోయిరి.

ఇక సన్మానసభ. వేదికపై ప్రధానోపాధ్యాయుడును అంజయ్యయు కూర్చుండిరి. వినోద నీలిరంగు వోణీతో నొక ప్రక్కను, ఉమారాణి పిల్లల వరుసలో కడపటను తల వంచుకొనియు నుండిరి. అంజయ్య మెఱయు కాగితపు సంచినుండి పట్టణపు శాలువను తీసి సిద్ధముగా నుంచెను. ప్రశంసాపద్యము చదువుటకు శఠగోపాచార్యులవారిని పిలిచిరి. ఆయన జేబులో పద్యముండెను. దానిని తీయలేదు. ఆ యుదయమున సంఘపు బీరువనుండి తెచ్చిన శాలువను చంకనుండి తీసి రెండు చేతులతో విప్పి సభ కెదురుగా పట్టుకొనిరి. తెల్లని యక్షరములు చూచి జనము గుసగుసలాడసాగెను. అంజయ్య లేచి నిలువబోయి మఱల కూర్చుండెను.

ఆచార్యులవారు గ్రంథభాష విడిచి యా యూరి మాట మాటాడుట జను లానాడే మొదట వినిరి.

"ఈ పేరు నేను జెప్పిన. తప్పు మగ్గానిది గాదు, ఈ ఉమారాణిది అసలే గాదు. నాది. దీనికి ఆసు పోసింది ఎవరో మీకు తెల్వదు. నాకు నిన్ననే తెలిసింది. వినోద పోసింది. పోసి పోసి నా పాఠంల కునికితే, ఆసు పోసుకునేటోళ్లకు బడెందుకని తిట్టిన. పిల్లలందరు నవ్విండ్రు. నవ్విచ్చింది నేను."

అండాలు కొంగు నోటి కడ్డము పెట్టుకొనెను. కూతురు తిట్లు తిన్న సంగతి యామెకు తెలియనే తెలియదు. ఆచార్యులవారు శాలువను మడువలేక విప్పినది విప్పినట్లే పట్టుకొని నిలుచుండిరి. అంతట వినోద మెల్లగా దగ్గఱకు వచ్చెను.

"సార్, అది ఉమారాణికే ఇయ్యుండ్రి. ఆమె పేరున్నది. బీరువల పెడితే నా ఇరువై దినాలు గూడ బీరువలనే ఉంటయి."

ఉమారాణి యేడ్చుచు వచ్చినది. "నాకెరుక లేదే వినోదా" అని మాత్ర మనగలిగినది. ఆ శాలువ నామె భుజములపై వినోదయే కప్పినది. పిమ్మట అంజయ్య పట్టణపు శాలువను వినోదకు కప్పెను. జనము చేతులు నొచ్చునట్లు చప్పట్లు కొట్టిరి. అందఱి కండ్లును తడిసినవి. ఆనవాయితీ ప్రకారము వినోద గురువుల పాదములకు మ్రొక్కుచు శఠగోపాచార్యులవారి పాదములును తాకెను. ఆయన యేదియో చెప్పవలెనని వంగునంతలో నామె ముందునకు సాగిపోయెను. ఆ మాట యాయన నోటనే యుండిపోయెను. మఱుసటి వారమున వినోద జిల్లా పట్టణమందలి కళాశాలలో చేరి వసతిగృహమునకు పోయెను.

దసరాకు వినోద వచ్చునప్పటి కామె పేరుతో శాలువ నేయవలెనని సంఘము తీర్మానించెను. నూలెవరిది, రంగెవరిది యని వంతులు వేయుచుండగా ఆసు తాను పోయుదునని శఠగోపాచార్యులవారు లేచిరి. మగవాడు, అందునను పండితుడు, ఆసు పోయుటయా యని యాడువారు కొంగులు నోట గ్రుక్కుకొనిరి. ఆయన వినలేదు. ప్రతిదినమును తెల్లవాఱక మునుపే రాపోలువారి యరుగుపై కూర్చుండి అండాలు చెప్పినట్లు పోగు త్రిప్పసాగిరి. మొదటి వారము పోగులు తెగినవి. రెండవ వారము భుజము వాచినది. "ఇగ నేను ఇంకొకలతోని పోయిస్త సారూ, మీరు ఇడువుండ్రి" అని యామె యెంత చెప్పినను నాయన తల యడ్డముగా నాడించి మఱల చేయి చాచెడివారు.

శ్రావణమాసమున నొక ప్రాతఃకాలము సన్నని వాన పడుచుండెను. పదవ తరగతిలో తెలుగు పాఠము. ఆచార్యులవారు పద్యము సగము చదివి ప్రతిపదార్థము చెప్పుటకు కుర్చీలో వెనుకకు వాలి యట్లే కునుకు తీసిరి. పుస్తకము చేజాఱి నేలపై పడి చప్పుడైనది. ఆయన యదరిపడి లేచిరి.

నలువదిమంది పిల్లలును చేతులు కట్టుకొని కూర్చుండి యుండిరి. ఎవ్వరును కదలలేదు. మొదటి బల్లపై పిల్ల లేచి పుస్తకమెత్తి దుమ్ము తుడిచి సవినయముగా నాయన చేతి కిచ్చెను. దానిని పుచ్చుకొన్న యాయన వ్రేళ్ళ సందులయందు నూలు కోసిన యెఱ్ఱని గీతలుండెను. ఆయన దృష్టి మూడవ బల్లమీదికి పోయెను. అచ్చట వేఱొక పిల్ల యెవతెయో కూర్చుండి యుండెను.

ఆ తరగతిలో నెవ్వరును నవ్వలేదు. నవ్వియుండినచో బాగుండెడిదని యాయనకు తోచెను.