ఖాళీ గది

“ముగ్గురికి వండేది నలుగురికి వండితే ఏమైతది?” అన్నాడు ఓంకార్. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆయన చెప్పేదాంట్లో తప్పేమీ లేదు. కొండాపూర్‌లో కిరాయిలు పెరిగాయి. వాళ్ల టీమ్‌లో ఇద్దర్ని తీసేశారు, ఆ భయం ఆయనకు నిద్రలోనూ ఉంది. ఆఫీసులో కొత్తగా చేరిన నితీష్‌కి హాస్టల్ తిండి పడటం లేదట. వెనక గది అతనికి భోజనంతో సహా ఇస్తే మాకు కొంత కలిసొస్తుంది. “ఓనర్‌కు చెప్పకుంట ఇస్తే బాగుండదు. ముందుగాల అడుగుదాం” అని కూడా అన్నాడు. ఏదైనా పద్ధతిగా చేసే మనిషి.

వెనక గదిని ఇంట్లో అందరూ ఖాళీ గది అనే అంటారు. “ఖాళీ గదికి గూడ కిరాయి కట్టుడేందే?” అని మా అత్తమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. మా పాప పింకీ స్కూల్ బస్సు ఎక్కి, ఆయన క్యాబ్ వెళ్లిపోయి, గిన్నెలూ బట్టలూ అయ్యాక నేను ఆ గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుంటాను. గోడకు వీపు ఆనించి కూర్చుంటాను. చదవను, కుట్టను, ఫోన్ చూడను. డిగ్రీ రోజుల్లో హాస్టల్ మేడ మీద కూర్చున్నట్టు, కాసేపు ఎవరికీ అందకుండా ఉంటాను. మిగతా ఇంట్లో ఎక్కడ కూర్చున్నా కుక్కరో, కాలింగ్ బెల్లో లేపుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిలేక అంటారు.

ఆదివారం కింది పోర్షన్‌కి వెళ్లాం. ఇంటివాళ్లు బాలనర్సయ్య, కొమురమ్మ. చుట్టూ జొన్నచేలున్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లు. ఓంకార్ విషయం చెప్పాడు.

“పిల్లగాడు మంచోడైతే నాకేం ఫికర్ లేదు,” అన్నాడు బాలనర్సయ్య.

“బువ్వ ఎవరొండుతరు?” అంది కొమురమ్మ.

“రోహిణి ఉంది గద పెద్దమ్మా. ఇంట్లనే ఉంటది.”

ఆమె నవ్వింది. “మేం గూడ గిట్లనే ఒకన్ని పెట్టుకున్నం. వాడు ఖాళీ చేసి పోయినంక గని తెల్వలే, నా నడుం నొప్పి వానిదని.” తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వేమంటవ్ బిడ్డా?”

“ఆమెదేముంది పెద్దమ్మా, నేను చెప్తున్న గద.”

“నిన్ను గాదయ్యా.”

వాళ్ల అనుమతి కోసం వచ్చాం. అక్కడ నా అనుమతి అడుగుతున్నారు. మా ఇంట్లో ఆ ఆలోచన నాక్కూడా రాలేదు.

“నాకు ఇష్టం లేదు పెద్దమ్మా,” అన్నాను.

బాలనర్సయ్య టీ కప్పు కింద పెట్టాడు. “ఇగ నేనెట్ల ఒప్పుకుంట, ఓంకారూ?”

మెట్లెక్కుతూ ఓంకార్ రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆయనకు కోపం రాలేదు, అర్థం కాలేదు, అంతే. సగం మెట్ల మీద ఆగి, “అసలు ఏం జేస్తవ్ రోహిణీ, ఆ గదిల?” అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

ఇస్త్రీ చేస్తాను, బట్టలు మడతపెడతాను, పింకీని చదివిస్తాను. ఆయన ఒప్పుకునే జవాబులన్నీ నోటిదాకా వచ్చాయి.

“ఏమీ చెయ్యను,” అన్నాను. “తలుపేసుకొని ఉత్తగనే కూసుంట.”