ఇసుకలో నాటే రాయి

కోనసీమ మనిషిని తెచ్చి నంద్యాలలో దింపితే ముందు అడిగేది నీళ్ల సంగతే. అరుణకుమారీ అదే అడిగింది. కొళాయి ఎన్నింటికి వస్తుందండీ అంటే, "వచ్చినప్పుడు వస్తాది, బిందెలు పెట్టుకోని కూచో" అని ఇంటావిడ దేవమ్మ ముఖం మీదే చెప్పింది. తిట్టిందనుకుని అరుణ ఆ పూట అన్నం ముట్టలేదు. ఈ సీమలో ప్రేమ కూడా ఆ గొంతుతోనే వస్తుందని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. తెలిశాక చర్చిలో దేవమ్మ చాప మీదే కూర్చునేది, ఆవిడ చేసిన బొరుగుల ఉగ్గాని తిని కళ్లు తుడుచుకుంటూ కారం బాగుందనేది.

భర్త జీవన్ కుమార్‌ది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. బదిలీ కావాలని తనే అడిగి మరీ వేయించుకున్నాడు. వాళ్లకున్న ఒక్క కూతురు ఏంజెల్ ఐదేళ్లకే జ్వరమొచ్చి పోయింది. పిల్ల ఆడుకున్న అరుగు రోజూ కళ్లబడుతుంటే అరుణ బతకదని అతని భయం. అందుకే గోదావరి మధ్యనున్న లంకను వదిలి, గొడుగేసుకున్నా మాడు కాలే ఈ ఊరికి తీసుకొచ్చాడు.

వచ్చింది మొదలు ఆదివారం ఆరాధన అయిందంటే బండి తీసేవాడు. మహానంది దారిలో అరటితోటలు, ఆత్మకూరు అవతల అడవి, ఏదో ఒకటి చూపించాల్సిందే. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవని దేవమ్మ ఎగతాళి చేసేది. అరుణకు ఏ ఊరి మీదా ఆశ లేదు. అతను అంత ప్రయాసపడుతున్నాడు కదా అని వెనక కూర్చునేది.

ఆగస్టులో బెలుం గుహలకు వెళ్లారు. లోపల ఉక్కపోత, చెమట. అన్నిటికన్నా లోతున సన్నటి ధారొకటి భూమిలోకి జారిపోతుంటే, ఇదే పాతాళగంగ అని గైడు గొప్పగా చెప్పాడు. "గంగా? మా గోదారోళ్లు చూస్తే కాళ్లు కడుక్కోడానికి కూడా చాలదంటారు," అంది అరుణ. అనేసి నవ్వింది. పిల్ల పోయాక అదే మొదటి నవ్వు. జీవన్ ఆమె ముఖంకేసి అదోలా చూశాడు. నవ్వు చూసి మురిసిపోతున్నాడు కాబోలనుకుంది పిచ్చిది.

ఆ తర్వాత అరుణ ఊరెళ్దామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చేది. క్రిస్మస్‌కు సెలవు దొరకలేదన్నాడు. ఊరికి ఫోన్ చేస్తే మరిది ఎలీషా వానల గురించి, కొబ్బరి ధర గురించి చెప్పేవాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. లంకలో మాత్రం ఒక్క పెదవీ కదల్లేదు.

లంకలో ఒక ఆచారం ఉంది. మట్టి చేసిన ఏడాదికి గానీ సమాధి మీద రాయి నాటరు. మట్టి కుదురుకోవాలి. ఆ తర్వాత వచ్చే ఈస్టర్‌కు సున్నం కొట్టి, రాయి నాటి, తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈ ఈస్టర్‌కు ఏంజెల్ రాయి నాటాలన్నదే అరుణ ప్రాణం. మెతుకు సయించినా, నిద్ర పట్టినా ఆ ఆశతోనే. పిల్లను ఎక్కడ పెట్టాలో కూడా ఆమే చెప్పింది. పెద్దలు చర్చి వైపు మెరకలో పెడదామన్నారు. పడవలు చూడనిదే పిల్ల అన్నం తినేది కాదని, ఒడ్డు పక్కనే కావాలని పట్టుబట్టింది. ఏడ్చే తల్లికి ఎవరు ఎదురు చెబుతారు?

అహోబిలం చూపిస్తానని బయల్దేరదీసిన ఆదివారం, ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్లు కనబడగానే ఆమె బండి ఆపించింది. నందులూ అమ్మవార్లూ వరసగా ఎండలో నిలబడి ఉన్నారు. ఆదినారాయణ అనే పెద్దాయన దగ్గర కూర్చుని, పేరు కింద చిన్న పడవ చెక్కాలని చెప్పి, సుద్దముక్కతో నేల మీద గీసి చూపింది.

"యాడ నాటుతారమ్మా? నల్లరేగడా, ఎర్రమన్నా?" అని అడిగాడాయన.

"ఇసుకండి. గోదారి ఒడ్డు."

"ఇసకైతే కింద పాతేదానికి పొడుగ్గా వదలాల. లేకుంటే ఒరిగిపోతాది."

ఎంత కావాలంటే అంత వదలమంది అరుణ. పక్కకు తిరిగి చూస్తే జీవన్ లేడు. రోడ్డు మీద ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు, మాట్లాడకుండా.

ఈస్టర్‌కు వారం ముందు రాయి తెచ్చుకోవడానికి వెళ్లారు. నున్నటి నల్లరాయి, పేరు, పేరు కింద పడవ. కింద పాతే భాగం మాత్రం గరుకుగా పొడుగ్గా ఉంది. అరుణ ఆ పడవను వేలితో తడిమింది. లారీ పార్శిల్ ఎక్కడ బుక్ చేయాలో కనుక్కోమంది.

"పంపొద్దు అరుణా," అన్నాడు జీవన్. "నాటడానికి చోటు లేదు. వరదకి ఒడ్డు కోసుకుపోయింది. సమాధుల చివరి వరసంతా పోయింది."

అరుణకు వెంటనే అర్థం కాలేదు. ఏ వరదకని అడిగింది.

"ఆగస్టులో. మనం బెలుం వెళ్లిన రోజు పొద్దున్నే ఎలీషా ఫోన్ చేశాడు. అక్కడే నీకు చెబుదామనుకున్నాను." అతను రాయి మీది దుమ్ము తుడిచాడు. "నువ్వు నవ్వావు."

ఆమె రాయి పక్కనే కూలబడింది. బిడ్డ నీళ్లపాలైన రోజున తను గోదారి గొప్ప చెప్పుకుని నవ్వింది. లంకలో పుట్టినదానికి, ఏటేటా ఒడ్డు విరిగిపడటం చూసినదానికి, అక్కడ పెట్టకూడదని తెలియదా? "నేనే కదండీ అక్కడ పెట్టమన్నాను," అంది. ఈ మాట నీ నోట వినలేకే దాచానన్నాడు అతను, పిల్లవాడిలా ఏడుస్తూ. ఆమెకు అతని మీద కోపం రాలేదు. ఇన్ని ఆదివారాలూ అతనొక్కడే ఏడ్చుకున్నాడని మాత్రం తెలిసింది.

ఉలి పక్కన పెట్టి వచ్చిన ఆదినారాయణ సంగతంతా విన్నాడు. కింద పాతే భాగం కోసేస్తే ఇంట్లో గోడకు ఆనించుకోవచ్చు, కొయ్యమంటావా తల్లీ అని నెమ్మదిగా అడిగాడు. వద్దంది అరుణ. అలాగే ఉండనిమ్మంది.

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఊరెళ్దాం పదండి."

"అక్కడేం లేదు అరుణా, నీళ్లు తప్ప."

"ఆ నీళ్లే చూపించండి. ఇన్ని చూపించారు కదా."